అడిగి తెచ్చుకున్న దారి

(పదకొండో వారం)

వెనక దారికి తాళం పడి ఇవాళ్టికి నాలుగు రోజులు. మొదటినుంచీ చదువుతున్నవారికి ఈ గొడవంతా కంఠతా వచ్చే ఉంటుంది. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

జిద్దాలో పాతపేట బలద్. అక్కడ అందరూ గౌరవంగా సిత్ నఫీసా అని పిలిచే, భర్త పోయిన పెద్దావిడ ఇంటి కింది భాగంలో ఒక మెస్సు ఉంది. దాన్ని ఇరవై ఏడేళ్ళుగా నడుపుతున్నది ప్రొద్దుటూరు మస్తాన్ వలీ. నడపడం వరకే అతనిది. ఇల్లు నఫీసాది, లైసెన్సు నఫీసాది, ఆఖరికి మస్తాన్ వలీ ఇఖామాలో, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డులో, పనిచ్చి పూచీపడే కఫీలు గడి ముందున్న పేరు కూడా నఫీసాదే. మెస్సు వెనక తలుపు తీస్తే పక్కింటి వాకిలి. ఆ వాకిట్లోంచి నలభై అడుగులు నడిస్తే పెద్దవీధి. బియ్యం బస్తాలు, గ్యాసు బండలు, కూరగాయల తోపుడుబండి, అన్నీ ఆ దారినే వస్తాయి. ముందువైపు సందు మెట్లమయం, బండి ఎక్కదు. పోయిన రంజాన్ తర్వాత పక్కిల్లు ఒక హోటల్ కంపెనీ కొన్నది. కొన్న కొన్నాళ్ళకే వాకిట్లో దారికి అడ్డంగా ఇనుపగేటు పెట్టి తాళం బిగించింది.

దారి లేకపోతే బస్తాలు మోసుకోవచ్చు కదా అని తీసిపారెయ్యకండి. గురువారం సివిల్ డిఫెన్సువాళ్ళు, అంటే ఇక్కడి ఫైరువాళ్ళు, తనిఖీకి వస్తున్నారు. పొయ్యిలున్న చోట మనుషులు బయటపడడానికి రెండో దారి ఉండి తీరాలి. లేదంటే లైసెన్సు రెన్యువల్ కాదు. మెస్సు మూతపడితే యాభై తొమ్మిదేళ్ళ వంటవాణ్ణి పిలిచి పనిచ్చే కఫీలు ఈ ఊళ్ళో లేడు. ఎగ్జిట్ కొట్టించి విమానం ఎక్కిస్తారు. ఇవాళ మంగళవారం.

మస్తాన్ వలీ తరపున మాట్లాడడానికి వచ్చింది అతని మేనకోడలు రుఖయ్యా. కర్నూల్లో లా చదివింది. ఇక్కడ ఒక లాయరు ఆఫీసులో అరబిక్ కాగితాలు ఇంగ్లీషులోకి మార్చే ఉద్యోగం. లాయరుగా నిలబడే హక్కు ఈ దేశంలో ఆమెకు లేదు. కానీ ఇరుగుపొరుగు తగాదా కోర్టు గడప తొక్కేముందు పేట పెద్ద ముందుకు వస్తుంది, ఆయన్ని ఉమ్దా అంటారు, ఆయన ముందు ఎవరైనా మాట్లాడొచ్చు. ఆ మాత్రం సందు దొరికితే రుఖయ్యాకు చాలు.

పొద్దున తొమ్మిదిన్నరకు ఉమ్దా ఆ వాకిట్లోకే వచ్చి నీడన కుర్చీ వేయించుకున్నాడు. పైన రెండో అంతస్తులో నఫీసా కిటికీ, బలద్ ఇళ్ళన్నింటికీ ఉండే చెక్కజాలీ కిటికీ, ఒక రెక్క తెరిచి ఉంది. పెద్దావిడ మోకాళ్ళ నొప్పులతో కిందికి దిగదు. అక్కడినుంచే అన్నీ వింటుంది. కంపెనీ తరపున వచ్చిన మనిషిని చూసి రుఖయ్యా ఒక్క క్షణం తెల్లబోయింది. పేరు పద్మనాభం, ఊరు కాకినాడ. కంపెనీ ఆస్తుల వ్యవహారాలన్నీ చూసేది ఆయనే. ఎడారి దేశంలో నలభై అడుగుల దారి కోసం ఇద్దరు తెలుగువాళ్ళు తలపడాల్సి వచ్చిందన్నమాట.

"నమస్కారమమ్మా. మనవాళ్ళే అని తెలిసి చాలా హ్యాపీగా ఫీలయ్యాను. పర్సనల్‌గా ఏమీ లేదు, చూడండి, ఇది ప్యూర్లీ కంపెనీ పాలసీ" అన్నాడు పద్మనాభం, ఎంతో మర్యాదగా. తాళంచెవి మాత్రం ఆయన వేలికి వేలాడుతూనే ఉంది.

"నాకూ పర్సనల్‌గా ఏం లేదు సార్. తాళం తీస్తే టీ తాగి పోదాం" అంది రుఖయ్యా.

ఉమ్దా మొదలుపెట్టమన్నాడు. రుఖయ్యా అరబిక్‌లో నింపాదిగా, ఒక్కో మాటా నిలబెట్టి చెప్పింది. "ఈ వాకిలి కంపెనీది. కాదని మేమనలేదు. కానీ ఈ నేల ఆ ఇంటికి చాకిరీ చెయ్యాల్సిన నేల. కంపెనీ ఇల్లు కొన్నప్పుడు ఆ చాకిరీతో కలిపే కొన్నది."

ఉమ్దా నవ్వాడు. "నేల చాకిరీ చేస్తుందా బిడ్డా?"

"చేస్తుందయ్యా. ఈ దేశం కొత్త చట్టంలో దాని పేరు హఖ్ అల్ ఇర్తిఫాఖ్. ఒక ఇంటి సౌకర్యం కోసం పక్కింటి నేల మీద ఉండే హక్కు. నడిచే దారి కావచ్చు, నీళ్ళు పారే కాలువ కావచ్చు, చూరునీళ్ళు పడే జాగా కావచ్చు. యజమానులు మారతారు, చచ్చిపోతారు, అమ్ముకుంటారు. హక్కు మాత్రం నేలను అంటుకునే ఉంటుంది."

చెబుతుంటే ఆమెకు ఓబులయ్య సారు గుర్తొచ్చాడు. కర్నూలు కాలేజీలో రోమన్ లా చెప్పే ఆయన. క్లాసులో సగంమంది నిద్రపోతుంటే ఒక్క రుఖయ్యా మాత్రం చెవులప్పగించి వినేది. రెండు వేల ఏళ్ళ కిందటే రోమువాళ్ళు పక్కవాడి చేలోంచి పోయే దారిని మూడు రకాలు చేశారని చెప్పేవాడు ఆయన. మనిషి నడిచిపోయే హక్కు ఒకటి, పశువును తోలుకుపోయే హక్కు ఒకటి, బండి తోలే హక్కు ఒకటి. బండి హక్కున్నవాడికి మిగతా రెండూ ఉన్నట్టే. నడక హక్కున్నవాడికి బండి హక్కు లేదు. అప్పుడది పరీక్షలో పది మార్కుల ప్రశ్న. ఇప్పుడు ఆ ప్రశ్న మీదే మామూ అన్నం ఆధారపడి ఉంది.

పద్మనాభం సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు. "మనిషి నడవడానికి మాకు అభ్యంతరం లేదు సార్. గేటుకు చిన్న తలుపు పెడతాం. కానీ బండ్లు కుదరదు. మా గెస్టులు కూర్చునే కోర్ట్‌యార్డులో ఉల్లిపాయల బండి పోతుంటే ఎలా?"

"బండి ఇప్పుడు కొత్తగా పోవడం లేదు" అని రుఖయ్యా వంగి వాకిట్లో పరిచిన రాళ్ళ మీద చెయ్యి పెట్టింది. "ఇలా రండయ్యా, చూడండి."

ఉమ్దా లేచి వచ్చాడు. గేటు కిందనుంచి మెస్సు తలుపుదాకా రాళ్ళ మీద రెండు గాళ్ళు, బొటనవేలు లోతున, మూరెడు ఎడంతో సాగిపోతున్నాయి. ఆయన వేలితో ఒక గాడిని తడిమి, వేలికంటిన దుమ్మును చూసుకున్నాడు. మస్తాన్ వలీ తోపుడుబండి చక్రాలను ఆ గాళ్ళలో పెట్టి చూపిస్తే సరిగ్గా కూర్చున్నాయి.

"రాయి ఒక్క ఏడాదిలో అరగదు" అన్నాడు ఉమ్దా.

రుఖయ్యా గుండె నిండిపోయింది. ఈ కేసు గెలిచేశాననే అనుకుంది. పద్మనాభం ముఖంలో మాత్రం తొట్రుపాటు లేదు. ఆయన ఫోను తీసి ఒక ఫోటో తెరిచి, ముందు ఉమ్దాకు చూపించి, తర్వాత రుఖయ్యా చేతికిచ్చాడు.

"ఎన్నేళ్ళు నడిచారన్నది పాయింటు కాదమ్మా. ఎలా నడిచారన్నది పాయింటు. లా చదివారు కదా, నేను చెప్పక్కర్లేదు."

ఫోటోలో ఒక అరబిక్ కాగితం ఉంది, దాని మీద ప్లాస్టిక్ తొడుగు మెరుస్తోంది. రుఖయ్యా రెండు లైన్లు చదివి ఆగిపోయింది. తలెత్తి మస్తాన్ వలీ వైపు చూసింది.

"మామూ, ఇదేంది?"

"ఎన్నోసీ పాపా." మస్తాన్ వలీ గొంతులో గర్వం దాగలేదు. "కొత్త ఓనర్లు వస్తాండారని తెలిసినాక నేనే టైపింగు సెంటరుకు పోయి రాయించుకోని, వాళ్ళ ఆఫీసులో సంతకం పెట్టిచ్చుకోనొచ్చినా. మళ్ళ రేప్పొద్దున ఎవురూ మాట అనకుండా. లామినేషన్ గూడా చేయించినా. లోపల లైసెన్సు పక్కనే తగిలించినా సూడు."

"ఎవరడిగినారు నిన్ను?"

"ఎవురూ అడగల్యా. మనమే పోయి తెచ్చుకుంటే మర్యాదగా ఉంటాదని."

ఇది గల్ఫులో ముదిరిన మనవాళ్ళందరికీ ఉన్న జబ్బు. ఉద్యోగం మారాలంటే ఎన్నోసీ, కారు కొనాలంటే ఎన్నోసీ, భార్యను తెచ్చుకోవాలంటే ఎన్నోసీ. ముప్పై ఏళ్ళు ప్రతిదానికీ అభ్యంతరం లేదు అన్న కాగితం చేతపట్టుకుని తిరిగి తిరిగి, ఎవడూ అడగని చోట కూడా పోయి అడిగి తెచ్చుకుంటారు. తెచ్చుకున్నాక అట్ట వేయించి దాచుకుంటారు. మస్తాన్ వలీ గోడకు తగిలించాడు. కంపెనీ మనిషి ఒకడు బిర్యానీ తినడానికి వచ్చినట్టు వచ్చి ఫోటో తీసుకుపోయాడు.

అందులో ఇలా ఉంది. "కొత్త యజమాని దయతో అనుమతిస్తే నేను ఈ దారిన నడుస్తాను. ఆయన వద్దన్న రోజున మానుకుంటాను. ఈ దారి మీద నాకే హక్కూ లేదు, ఉన్నా వదులుకుంటున్నాను." కింద కంపెనీ సంతకం పక్కన మస్తాన్ వలీ సంతకం, సంతకం చాలదన్నట్టు బొటనవేలి ముద్ర.

రుఖయ్యాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీ మీద కాదు, మేనమామ మీద. వాడుకను బట్టి దారి హక్కు రావాలంటే మూడు ఉండకూడదు. జబర్దస్తీగా నడవకూడదు, దొంగచాటుగా నడవకూడదు, అడుక్కుని నడవకూడదు. రోమువాళ్ళూ అదే అన్నారు, మన దేశం చట్టమూ అదే అంటుంది. అడిగి నడిచినవాడిది హక్కు కాదు, అవతలివాడి దయ. దయను ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇరవై ఏడేళ్ళు తలెత్తుకుని నడిచిన దారిని ఈ మహానుభావుడు ఒక్క కాగితంతో భిక్ష చేసుకున్నాడు, పైగా దానికి అట్ట.

"నేనేం తప్పు చేసినా పాపా?" అన్నాడు మస్తాన్ వలీ, ఆమె ముఖం చూసి. ఆ గొంతు విని ఆమె కోపం కొంచెం తగ్గింది. ఎక్కడ తప్పు చేశాడో తెలియక నిలబడ్డ ఆ మనిషి మీద జాలేసింది. కానీ జాలి పడుతూ కూర్చునే సమయం కాదు.

పద్మనాభం ఉమ్దాతో అంటున్నాడు, "సంతకం ఆయనదే సార్. తాళం మా ఇష్టం. అయినా మనవాళ్ళు కదా అని ఒక వారం టైమిస్తాం."

"ఒక్క నిమిషం" అంది రుఖయ్యా.

దారి దొరికింది ఆమెకు. దొరకగానే కొంచెం సిగ్గు కూడా వేసింది, ఎందుకంటే ఆ దారి మామూ పరువు మీదుగా పోతుంది. అయినా తప్పదనుకుంది. మస్తాన్ వలీని ఉమ్దా ముందు నిలబెట్టి, అరబిక్‌లోనే, అందరికీ వినబడేలా అడిగింది.

"ఈ ఇల్లు నీదా?"

"కాదు."

"నీకు బాడుగకిచ్చినారా?"

"లేదు."

"మెస్సు లైసెన్సు నీ పేరున ఉందా?"

"సిత్ నఫీసా పేరునుంది."

"మరి నువ్వెవరివి?"

మస్తాన్ వలీ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఇరవై ఏడేళ్ళుగా ఆ పేటంతా తనను మస్తాన్ భాయ్ అని పిలుస్తుంది, మెస్సుకు కూడా తన పేరే వాడుకలో ఉంది. "తబ్బాఖ్" అన్నాడు మెల్లిగా. వంటవాణ్ణి అని.

"విన్నారా అయ్యా?" రుఖయ్యా ఉమ్దా వైపు తిరిగింది. "దారి హక్కు ఇంటిది. ఇంటి యజమాని సిత్ నఫీసా. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎక్కడా సంతకం పెట్టలేదు. వంటవాడు పోయి యజమానురాలి హక్కు వదులుకుంటానని రాసిస్తే అది చెల్లుతుందా? మీ ఇంటి డ్రైవరు పోయి మీ వాకిలి నాకు రాసిస్తే నేను గోడ కట్టుకోవచ్చా? ఈ మనిషికి ఈ దారి మీద ఏ హక్కూ లేదు. లేని హక్కును వదులుకోవడం ఎవడి వల్లా కాదు. ఆ కాగితం గోడకు అందంగా ఉంటుంది, అంతే."

ఉమ్దా పకపకా నవ్వాడు. పైన కిటికీలోంచి కూడా ఒక దగ్గులాంటి నవ్వు వినిపించింది. "బిడ్డ సరిగ్గా చెప్పింది" అన్నాడు ఉమ్దా గడ్డం నిమురుకుంటూ. "హక్కు ఎవరిదో వాళ్ళే వదులుకోవాలి. వంటవాడి వేలిముద్రతో ఇంటి దారి పోదు. పద్మనాభం సాబ్, తాళం తియ్యండి. కావాలంటే కోర్టుకు పొండి. అక్కడ తేలేదాకా దారి తెరిచే ఉండాలి."

రుఖయ్యా ఊపిరి పీల్చుకుంది. నాలుగు రోజుల భారం దిగిపోయింది. మామూ వైపు చూసి కళ్ళతోనే క్షమించమంది. అతనూ చిన్నగా తలూపాడు. గురువారం తనిఖీకి గేటు బార్లా తెరిచి ఉంటుంది, ఇంకేం కావాలి?

పద్మనాభం తాళం దగ్గరికి పోయాడు. చెవి పెట్టాడు. తిప్పలేదు.

"అమ్మా, మీరు చాలా బాగా ఆర్గ్యూ చేశారు. నిజంగా చెప్తున్నాను, మా లాయర్లు కూడా ఇంత బాగా చెప్పలేరు." ఆయన వెనక్కి తిరిగి బ్యాగు జిప్పు లాగాడు. "ఇది బయటికి తియ్యకూడదనే అనుకున్నానండి. తీస్తే ఈ దారి మీద మీవాళ్ళలో ఒకరికి హక్కుండేదని మేమే ఒప్పుకున్నట్టవుతుంది కదా. అందుకే ఫైల్లోనే ఉంచాను. కానీ హక్కు ఎవరిదో వాళ్ళే వదులుకోవాలని మీరే అన్నారు, ఉమ్దాగారూ అన్నారు. ఇప్పుడిక తియ్యక తప్పదు."

ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని కొడుకులు ఇచ్చిన దస్తావేజుల్లో దొరికిందట. పసుపుపచ్చగా మారిన ఒక పెద్ద కాగితం, మడతల దగ్గర చిరిగి, మూలన కోర్టు నోటరీ ముద్రతో. ఆ పక్కింటి పాత యజమాని అబూ తలాల్, పోయి తొమ్మిదేళ్ళయింది, బతికుండగా రాయించి సంతకం పెట్టిన కాగితం. తారీఖు హిజ్రీ పద్నాలుగు వందల ఇరవై ఒకటి. అంటే ఇరవై ఆరేళ్ళ కిందట, మస్తాన్ వలీ ఈ దేశం వచ్చిన మరుసటి ఏడు.

"గట్టిగా చదువు బిడ్డా, నా కళ్ళద్దాలు తేలేదు" అన్నాడు ఉమ్దా.

రుఖయ్యా గట్టిగానే మొదలుపెట్టింది. "నా వాకిట్లోని దారిన నడవడానికీ, బండి తోలుకోవడానికీ హక్కు ఇస్తున్నాను. ఈ హక్కు పక్కింటికి కాదు, ఆ ఇంటి యజమానులకు కాదు, వాళ్ళ వారసులకు కాదు." అక్కడ ఆమె గొంతు తగ్గింది. "హుస్సేన్ కొడుకు, భారత దేశస్థుడు మస్తాన్ వలీకి, అతనొక్కడికే, అతను బతికున్నంత కాలం. నా తర్వాత నా ఇల్లు ఎవరు కొన్నా దీనికి కట్టుబడాలి. అతను తన చేత్తో వదులుకుంటే తప్ప ఇది పోదు."

రుఖయ్యా ఆఖరి వాక్యం మళ్ళీ ఒకసారి మనసులో చదువుకుంది.

ఓబులయ్య సారు చెప్పిన రెండో సగం ఇప్పుడు గుర్తొచ్చింది. చాకిరీలు రెండు రకాలు. నేల నేలకు చేసేది ఒకటి, నేల మనిషికి చేసేది ఒకటి. మొదటిది యజమానులు మారినా ఉంటుంది. రెండోది ఆ మనిషితో పుట్టి ఆ మనిషితో పోతుంది. ఇన్నాళ్ళూ ఆమె ఈ దారిని మొదటి రకం అనుకుని వాదించింది. ఇది రెండో రకం. ఒక పరాయి దేశస్థుడి పేరున ఆ రోజుల్లో ఇక్కడ జానెడు నేల కూడా రిజిస్టరు అయ్యేది కాదు. అలాంటిది ఈ వంటవాడికి ఒకడు తన వాకిట్లో జీవితాంతం దారి రాసిచ్చాడు. ఈ దేశంలో మస్తాన్ వలీకి ఇఖామా తప్ప ఏదైనా సొంతంగా ఉండిందంటే ఇదొక్కటే. దాన్ని అతను పోయి, మర్యాదగా, వేలిముద్ర వేసి, కంపెనీ చేతిలో పెట్టి వచ్చాడు.

ఈ మనిషికి ఏ హక్కూ లేదు అని ఐదు నిమిషాల కిందట పేటంతా వినేలా అరిచింది తనే. ఆ మాట అన్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవలేదు.

ఉమ్దా ముఖంలో నవ్వు పోయింది. "మస్తాన్, ఆ ప్లాస్టిక్ కాగితం మీద వేలిముద్ర నీదేనా?"

మస్తాన్ వలీ తలూపాడు. పద్మనాభం తాళంచెవిని గేటు నుంచి తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన గెలిచినందుకు సంతోషపడుతున్నట్టు కూడా లేదు. తోటివాణ్ణి దెబ్బకొట్టాల్సి వచ్చిందన్న ఇబ్బంది ముఖంలో కనబడుతోంది.

రుఖయ్యా మామూ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయి తెలుగులో అడిగింది. "మామూ, ఈ కాగితం ఉందని నీకు తెలుసా?"

తెలీదంటాడనుకుంది. తెలీకుండా పోయిన హక్కైతే ఇంకా ఒక వాదన మిగిలి ఉంటుంది. ఉందని తెలియని దాన్ని ఎవడూ వదులుకోలేడు. ఆ ఒక్క మాట అంటే చాలు, మళ్ళీ మొదటినుంచీ కొట్లాడడానికి ఆమె సిద్ధంగా ఉంది.

"తెలుసు పాపా" అన్నాడు మస్తాన్ వలీ.

"తెలిసీ ఆ ఎన్నోసీ మీద వేలిముద్ర వేసినావా?"

"ఈ కాగితం ఎప్పటికీ బయటికి రాగూడదనే ఏసినా. కొత్తోళ్ళ దయతో నడస్తాండానని రాసిస్తే, పాత కాగితం ఇంక ఎవురూ ఎతకరనుకున్యా." అతను ఆమె చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు. "మెస్సు పోతే పోనీ. ఎగ్జిట్ కొడితే కొట్టనీ. అబూ తలాల్ ఇది నాకెందుకు రాసిచ్చినాడో మాత్రం అడగొద్దు."

"ఎందుకు రాసిచ్చినాడు?"

అతను పైకి, రెండో అంతస్తు కిటికీ వైపు చూశాడు. రుఖయ్యా చదివిందంతా అరబిక్‌లోనే చదివింది. కాగితంలో ఉన్న ప్రతి మాటా అక్కడిదాకా పోయి ఉంటుంది. చెక్కజాలీ రెండో రెక్క కూడా తెరుచుకుంది. తెల్లటి ముసుగులో నఫీసా ముఖం కనిపించింది. ఆవిడ రుఖయ్యాను కాదు, ఉమ్దాను కాదు, తన వంటవాణ్ణే చూస్తోంది.

"చెప్పు మస్తాన్" అంది ఆవిడ, ఏ కోపమూ లేకుండా. "నా భర్త చనిపోయిన రోజున ఈ దారిన మా ఇంట్లోకి వచ్చింది ఎవరో, ఇరవై ఆరేళ్ళుగా నువ్వే చెబుతావని చూస్తున్నాను."